డీఎన్‌ఏ రిపోర్ట్‌లో నాన్న వైపు వాళ్ళెవరూ లేరు. ఇలాంటిది ఎవరికైనా జరిగిందా?

మధ్యరాత్రి_మందారం (షార్లెట్)
అక్టోబర్ 11, 2025, రాత్రి 2:10

ఈ గ్రూపులో చేరి ఆరేళ్ళయింది. ఆవకాయ కొలతలు, వీసా డేట్లు చదువుకుని వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ ఒక్క ముక్క రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. ఇంట్లో అందరూ పడుకున్నారు.

డిస్కౌంట్ వచ్చిందని మా ఆయన జూన్‌లో రెండు డీఎన్‌ఏ కిట్లు తెప్పించారు. అవి ఆగస్టు దాకా అలమారలోనే పడి ఉన్నాయి. అరగంట ముందు నుంచీ ఏమీ తినకూడదు, తాగకూడదు. చిన్న గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపాలి. నోరెండిపోయి నాది ఎంతకీ నిండకపోతే చింతకాయ పచ్చడి తలచుకోమన్నాడు మా అబ్బాయి. నవ్వుకుంటూ పోస్టులో వేశాం.

రిపోర్ట్ వచ్చి పది రోజులైంది. బంధువుల లిస్టులో మొదటి పేరు ముక్కూమొహం తెలియని ఒకబ్బాయిది. 1,790 సెంటీమోర్గాన్లు, హాఫ్ బ్రదర్ కావచ్చు అని రాసుంది. సియాటిల్‌లో మా మేనత్త కొడుకు ఇదే కంపెనీలో రెండేళ్ళ కిందట చేయించుకున్నాడు. 'నువ్వూ చేయించు, మనం ఎంత కలుస్తామో చూద్దాం' అని వెంటపడింది ఆ బావే. నా లిస్టులో బావ పేరు లేదు. ఎంత వెతికినా లేదు.

నిన్న ఆ అబ్బాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. నెల్లూరువాళ్ళట, 1986లో పుట్టాడట, హ్యూస్టన్‌లో ఉద్యోగం. చివర్లో ఒక ప్రశ్న: 'మీ అమ్మగారు కూడా మద్రాసులో ట్రీట్‌మెంట్ తీసుకున్నారా అండీ?'

అమ్మావాళ్ళకి పెళ్ళయిన పదకొండేళ్ళకి, 1984లో పుట్టాను నేను. మద్రాసు డాక్టరు చేతి చలవ అని అమ్మ, కొండకి మొక్కుకున్న ఫలం అని నాయనమ్మ. చిన్నప్పట్నుంచీ ఈ రెండు మాటలూ వింటూనే పెరిగాను. నాన్న రాజమండ్రిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 78. నాకున్న గడ్డం సొట్ట నాన్నదే అంటారు అందరూ. 54 ఏళ్ళకే హార్ట్ ఎటాక్ వచ్చింది ఆయనకి. అప్పట్నుంచి ప్రతి పుట్టినరోజుకీ నాకు ఒకటే ఫోను: 'కొలెస్ట్రాల్ చూపించుకున్నావా? మన ఇంట్లో గుండెజబ్బుంది.'

ఇది పొరపాటు అయ్యే అవకాశం ఏమైనా ఉందా? అమ్మని అడగాలా? పది రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. పళ్ళు తోముకుంటూ అద్దంలోకి చూడలేకపోతున్నాను.

పిన్ని_పలుకులు (విజయవాడ)
అక్టోబర్ 11

ముందు కాసిని మంచినీళ్ళు తాగి పడుకో తల్లీ. రాత్రి రెండింటికి అమ్మకి ఫోన్ చెయ్యకు, ఆ అబ్బాయికి జవాబివ్వకు. పది రోజులు ఆగినదానివి, ఇంకో పది రోజులు ఆగితే ఏమీ మునిగిపోదు. ఆ గడ్డం సొట్ట ఎక్కడికీ పోదు.

సెంటీమోర్గాన్_సూరి (హైదరాబాద్)
అక్టోబర్ 11

నాకు ఇందులో కొంచెం ప్రవేశం ఉంది కాబట్టి లెక్క వరకు చెప్తాను. సెంటీమోర్గాన్ అంటే ఇద్దరి డీఎన్‌ఏ ఎంతమేర కలుస్తోందో చెప్పే కొలత. కన్నవాళ్ళతో దాదాపు 3,400 పైన, సొంత తోబుట్టువుతో 2,600 అటూఇటూ, సగం తోబుట్టువుతో 1,750 అటూఇటూ, మేనత్త బిడ్డలతో 850 అటూఇటూ ఉంటుంది.

అయితే మనవాళ్ళ విషయంలో ఒక తిరకాసుంది. మీ రెండిళ్ళ మధ్య కుండమార్పిడి పెళ్ళిళ్ళు ఏమైనా జరిగాయా? అన్నాచెల్లెళ్ళు ఇంకో ఇంటి అన్నాచెల్లెళ్ళని చేసుకుంటే, వాళ్ళ పిల్లలు ఒకరికొకరు సగం తోబుట్టువుల్లాగే కనిపిస్తారు. రెండు సందర్భాల్లోనూ కలిసేది పాతిక శాతమే కాబట్టి కంపెనీ లెక్కకి తేడా తెలియదు. తరతరాల మేనరికాల వల్ల దూరపు చుట్టాలు కూడా దగ్గరివాళ్ళలా తేలుతుంటారు. 'సెకండ్ కజిన్' అని చూపిస్తే నేనైతే సగమే నమ్ముతాను.

ఇంకొకటి. బావగారు 'బంధువులకు కనిపించు' అనే ఆప్షన్ ఆపేసుకుని ఉంటే మీ లిస్టులోకి రారు. ముందు అది కనుక్కోండి.

మధ్యరాత్రి_మందారం
అక్టోబర్ 12

కుండమార్పిడి లేదు సూరి గారూ. నెల్లూరు వైపు మాకు చుట్టాలే లేరు.

బావని మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను, 'నీ లిస్టులో ఎంతమంది ఉన్నారు బావా' అని. 'పెద్దమామయ్య కూతురు టాప్‌లో ఉంది, 910. నువ్వే ఇంకా రాలేదు. కిట్ పోస్టులో వేశావా, లేక అలమారలోనే ఉందా?' అన్నాడు. ఆ పెద్దమామయ్య కూతురంటే మా పెదనాన్న కూతురు. నాకు ఆ అక్కా కనిపించడం లేదు.

'ఇంకా రాలేదు బావా' అనేశాను. నలభయ్యేళ్ళలో బావతో ఆడిన మొదటి అబద్ధం ఇదేనేమో.

సెంటీమోర్గాన్_సూరి
అక్టోబర్ 12

అయితే పొరపాటు కాదండీ. నిన్న లెక్కలు చెప్పినంత తేలిగ్గా ఈ మాట చెప్పలేకపోతున్నాను. సొంత మేనత్త కొడుకుతో, పెదనాన్న కూతురితో అసలు కలవకపోవడం జరగదు. మీ నాన్నగారే ఆ ఇంటికి దత్తత వెళ్ళి ఉంటే బావ, అక్క కనిపించకపోవచ్చు. కానీ నెల్లూరు అబ్బాయి, మద్రాసు మాట రెండూ కలిశాక వేరే అర్థం వెతకడం కష్టం.

నిజం_నిప్పు
అక్టోబర్ 12

ఇందులో ఆలోచించేదేముంది? నిజం ఎప్పటికైనా బయటపడుతుంది. ఇవాళే అమ్మానాన్నలిద్దరినీ కూర్చోబెట్టి అడిగెయ్యండి. ఆ డాక్టరు మీద కేసు కూడా వెయ్యాలి. కర్ణుడి కథ తెలిసిందే కదా, కుంతి ముందే చెప్పి ఉంటే అంత దూరం వచ్చేదా?

మధ్యరాత్రి_మందారం
అక్టోబర్ 12

కర్ణుణ్ణి, కృష్ణుణ్ణి, యశోదమ్మని దయచేసి వదిలెయ్యండి. మా ఆయన కూడా నిన్న ఇదే మొదలుపెట్టారు. వాళ్ళెవరికీ రాజమండ్రిలో స్టెంట్ వేయించుకున్న 78 ఏళ్ళ నాన్న లేడు.

మోడరేటర్
అక్టోబర్ 13

మధ్యలో ఒక పోస్టు తీసేశాను. రాసినవారికి కారణం తెలుసు. ఎవరి తల్లి శీలం గురించీ ఇక్కడ చర్చ లేదు.

ఈ థ్రెడ్ చదివి మనసు మరీ బరువెక్కినవాళ్ళకి: ఇండియాలో టెలి మానస్ 14416, ఏ వేళైనా, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో 988.

పిన్ని_పలుకులు
అక్టోబర్ 13

నేను నర్సుగా చేశాను. 1981 నుంచి ఏడేళ్ళు పిల్లల్లేనివాళ్ళు వచ్చే వార్డులోనే. ఊరి పేరు, ఆస్పత్రి పేరు చెప్పను. మీ అమ్మగారు వెళ్ళింది మా దగ్గరకే అని కూడా అనడం లేదు.

అప్పట్లో నమూనాలు గడ్డకట్టించి దాచడం మా దగ్గర లేదు. పొద్దున్నే వెనక గుమ్మంలోంచి ఒక మెడికల్ స్టూడెంట్ వచ్చేవాడు. తల దించుకుని వచ్చి, తల దించుకునే వెళ్ళేవాడు. రిక్షా ఖర్చులని చేతిలో ఏదో పెట్టేవారు. ఒకే అబ్బాయి ఎన్నిసార్లు వచ్చాడో ఎవరూ రాసిపెట్టుకోలేదు. రిజిస్టర్లో అతని పేరు ఉండదు. అడిగే నాథుడూ లేడు.

భార్యాభర్తలకి డాక్టరమ్మ చెప్పే మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది: 'ఈ రాత్రి ఇద్దరూ కలిసుండండి. ఇక దీని గురించి మీలో మీరు కూడా మాట్లాడుకోకండి.' అలా కలిసుంటే బిడ్డ తనదేనేమో అన్న ఆశ ఆ మగమనిషికి మిగులుతుందని. అది మోసం అని నాకు అప్పుడు తట్టలేదు, ఇప్పుడూ పూర్తిగా తట్టడం లేదు.

కానీ కాగితం మీద సంతకం పెట్టించేవాళ్ళం, ఇద్దరి చేతా. ఒకాయన చాలాసేపు ఆ కాగితం వంక చూశాడు. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుంది. చివరికి సంతకం చేసి, పెన్ను మూత పెట్టి నా చేతికిస్తూ, 'బారసాలకి మీరు రావాలమ్మా' అన్నాడు. బిడ్డ ఇంకా పడను కూడా పడలేదు!

మందారం తల్లీ, మీ అమ్మ నిన్ను మోసం చేద్దామని నోరు మూసుకోలేదు. మూసుకోమని తెల్లకోటు వేసుకున్నావిడ చెప్పింది, మూసుకుంది.

కోనసీమ_కొబ్బరి
అక్టోబర్ 13

థ్రెడ్ పక్కకి తిప్పుతున్నందుకు సారీ. ఇదంతా చదివాక నాకు టెన్షన్ మొదలైంది. మా నాన్నది ఏబీ, నాది ఓ. అలా కుదరదని స్కూల్లో చదువుకున్నట్టు గుర్తు. అంటే?

సెంటీమోర్గాన్_సూరి
అక్టోబర్ 13

అంటే ముందు ఇద్దరూ మళ్ళీ టెస్టు చేయించుకోండి అని. పాత కార్డుల మీద బ్లడ్ గ్రూపులు తప్పుగా రాయడం మామూలే. ఏబీ తండ్రికి ఓ బిడ్డ సాధారణంగా పుట్టదు, నిజమే. కానీ 'బాంబే బ్లడ్ గ్రూప్' అని ఒకటుంది. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం కనిపెట్టింది. లోపల ఏ, బీ జన్యువులున్నా మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది. అరుదే, కానీ ఉన్నది మన దేశంలోనే ఎక్కువ. బ్లడ్ గ్రూపు చూసి ఇంట్లో ఎవరినీ అనుమానించకండి.

కోనసీమ_కొబ్బరి
అక్టోబర్ 16

నాన్నది బీ అట. స్కూటర్ లైసెన్స్ మీద ఎవడో ఏబీ కొట్టాడు. బతికించారు.

ఇద్దరమ్మల_అబ్బాయి (డాలస్)
అక్టోబర్ 17

మీ మొదటి పోస్టు ఆ రాత్రే చదివాను. రాయడానికి వారం పట్టింది.

నాది వేరే కథ. మా పిన్ని కూతురు, నేను సరదాగా చేయించుకున్నాం. కజిన్ రావాలి కదా, 2,640 వచ్చింది. సొంత చెల్లెలు. పిన్నికి అది మూడో కాన్పు, అమ్మకి పిల్లల్లేరు. పురిటి మంచం మీదే అక్క చేతిలో పెట్టేసిందట. ఊళ్ళో చాకలి దగ్గర్నుంచి కరణం దాకా అందరికీ తెలుసు. 39 ఏళ్ళు వచ్చేదాకా తెలియనిది నాకొక్కడికే. నా పెళ్ళిలో అక్షింతలు వేసిన ప్రతి చెయ్యీ గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. నిజం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది, అందరి మధ్యా నేనొక్కణ్ణే వెర్రివాణ్ణయ్యానని.

నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఆ కోపంలో పిన్నికి ఫోన్ చేశాను. అవతల స్పీకర్లో ఉంది, పక్కన ఆవిడ కోడళ్ళున్నారు. 'నన్ను ఎందుకిచ్చేశావు' అన్నాను. ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. అప్పటికే అమ్మ పోయింది, అడగడానికి ఆవిడొక్కతే మిగిలింది. ఆ ఒక్క మనిషినీ అలా దూరం చేసుకున్నాను.

ఇక్కడ కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాను. మంచావిడే, కానీ 'పిన్ని' అంటే ఏమిటో చెప్పడానికే మొదటి అరగంట అయిపోయింది. ఇలాంటివాళ్ళని ఇక్కడ ఎన్‌పీఈలు అంటారు, అంటే తల్లీ తండ్రీ అనుకున్నవాళ్ళలో ఎవరో ఒకరు కన్నవాళ్ళు కాదని తేలినవాళ్ళు. వాళ్ళకోసం 2017లో మొదలైన ఎన్‌పీఈ ఫ్రెండ్స్ ఫెలోషిప్ లాంటి గ్రూపులున్నాయి. రాత్రి మూడింటికి రాసినా ఎవరో ఒకరు పలుకుతారు, అది చాలా మేలు చేసింది. కాకపోతే అక్కడ చాలామంది 'నీ నిజం నీ హక్కు, అడిగెయ్' అంటారు. మన ఇళ్ళల్లో ఒకరి నిజం లాగితే పదిమంది పరువు ఊడొస్తుంది. ఆ లెక్క వాళ్ళకి తెలియదు.

ఇంకో పిచ్చి సందేహం కూడా పట్టుకుంది నాకు, నాన్నకి తద్దినం పెట్టే అర్హత నాకుందా అని. మా పురోహితుడు తేల్చేశాడు: 'పెంచుకున్నవాడి గోత్రమే నీ గోత్రం. ఇన్నాళ్ళూ పెట్టిన పిండాలు ఎక్కడికీ పోలేదు. నువ్వులు తెచ్చావా, లేదా?' కౌన్సిలర్ ఆరు సిట్టింగుల్లో చెయ్యలేని పని ఆ ఒక్క ముక్క చేసింది.

వరంగల్_వకీలు
అక్టోబర్ 18

కేసు అన్నవారికోసం, ఆస్తి గురించి నాకు విడిగా మెసేజ్ పెట్టినవారికోసం రెండు ముక్కలు.

భార్యాభర్తల వివాహం చెల్లుబాటులో ఉండగా, లేదా అది రద్దయ్యాక 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ (తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే) చట్టం దృష్టిలో ఆ భర్త బిడ్డే. పాత సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 116. ఆ కాలంలో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప అది కదలదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో తీర్పిచ్చింది. ఎవరి డీఎన్‌ఏ పడితే వాళ్ళది లాగడానికి కోర్టులు ఒప్పుకోవు. ఉమ్మి గొట్టం రిపోర్ట్ పట్టుకొచ్చి మీ పెదనాన్న పిల్లలెవరూ మిమ్మల్ని కదపలేరు.

డీఎన్‌ఏ కేసు అనగానే అందరికీ తివారీ గుర్తొస్తాడు, మనకి గవర్నర్‌గా చేసిన ఎన్.డి. తివారీ. తివారీయే తన తండ్రి అని రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టుకెక్కాడు. రక్త నమూనాలు పరీక్షించింది మన హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ ల్యాబ్‌లోనే. ఫలితం బయటికొచ్చింది 2012 జూలైలో, తివారీ కొడుకుగా ఒప్పుకున్నది 2014లో. రోహిత్‌కి కావలసింది తండ్రి పేరు. మందారం గారికి ఆ పేరు ఉంది. కోర్టు ఆవిడకి ఇవ్వగలిగిందేమీ లేదు.

పాప_నాన్న (హైదరాబాద్)
అక్టోబర్ 19

ఇక్కడ ఎవరూ నా వైపు నుంచి రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మా పాపకి ఆరేళ్ళు. డోనర్ బిడ్డ. నా రిపోర్టులో వీర్యకణాల కౌంట్ సున్నా అని ఉంది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆస్పత్రి పార్కింగ్‌లో బండి మీద గంటసేపు కూర్చున్నాను, స్టార్ట్ చెయ్యకుండా. ఇప్పుడైతే చట్టం ఉంది. 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం ప్రకారం ఒక డోనర్ నమూనా ఒక్క జంటకే ఇవ్వాలి, బిడ్డ మీద అతనికి ఏ హక్కూ ఉండదు. మీ రోజుల్లో ఆ హద్దు కూడా లేదు.

మా అమ్మ పాపని ఎత్తుకుని 'ముక్కు అచ్చు గుద్దినట్టు నీదేరా' అంటుంది. అవునమ్మా అంటాను. మొదట్లో గొంతులో ఏదో అడ్డం పడేది. ఇప్పుడు పడదు. పాప కోపమొస్తే నాలాగే కిటికీ దగ్గరికెళ్ళి నిలబడుతుంది. అది మాత్రం ఎవరి నుంచి వచ్చింది మరి?

మందారం గారూ, మీ నాన్నగారు మోసపోయారని మీరు అనుకుంటున్నట్టుంది. పిన్ని గారు చెప్పిన సంతకం గుర్తుందా? ఆయనకి తెలిసే ఉంటుంది. తెలిసే మిమ్మల్ని ఎత్తుకుని ఉంటారు.

మా పాపకి ఎప్పుడు చెప్పాలో ఎవరైనా చెప్పండి. మా ఆవిడ అసలు వద్దంటోంది.

ఇద్దరమ్మల_అబ్బాయి
అక్టోబర్ 19

ఇప్పుడే చెప్పండి సార్, కథలాగా. ఎప్పుడు తెలిసిందో గుర్తులేనంత చిన్నప్పుడే తెలియాలి. ముప్పైతొమ్మిదేళ్ళకి తెలిసినవాణ్ణి చెప్తున్నాను.

సెంటీమోర్గాన్_సూరి
అక్టోబర్ 20

దాచడం ఇక కుదరదు కూడా. డోనర్ టెస్టు చేయించుకోనక్కర్లేదు, అతని పినతండ్రి మనవడు చేయించుకున్నా దారి దొరికిపోతుంది.

విడిగా అడిగినవాళ్ళకి: డీఎన్‌ఏ కిట్లు అమ్మే 23అండ్‌మీ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత దాని సహ వ్యవస్థాపకురాలి సంస్థే కొనుక్కుంది. అంతకుముందు 2023లో దాదాపు 69 లక్షలమంది వివరాలు దొంగలపాలయ్యాయి. డేటా తీసెయ్యాలనుకుంటే సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. కాకపోతే మందారం గారూ, మీరు కోపంలో అకౌంట్ తీసెయ్యకండి. ఆ నెల్లూరు అబ్బాయి ఉన్నది ఆ లిస్టులోనే.

మధ్యరాత్రి_మందారం
నవంబర్ 9

ఇన్నాళ్ళూ రాయలేదు, క్షమించండి. అందరివీ చదివాను. పాప_నాన్న గారిది ఎన్నిసార్లు చదివానో.

అమ్మకి ఒంటరిగా ఉన్నప్పుడే చేశాను, నాన్న పార్కుకి వెళ్ళే టైమ్ చూసుకుని. 'మద్రాసు గురించి నాకు తెలిసిందమ్మా, నాకు నీ మీద కోపం లేదు' అని రెండే వాక్యాలు. ముందే కాగితం మీద రాసుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. కుక్కర్ కూత వినిపించింది. 'తర్వాత చేస్తా' అని పెట్టేసింది. తొమ్మిది రోజులు చెయ్యలేదు.

పదో రోజు తనే చేసింది. 'నాన్నకి తెలుసు. సంతకం పెట్టింది ఆయనే, నన్ను ఒప్పించిందీ ఆయనే. కానీ నీకు తెలిసిందని ఆయనకి తెలియనివ్వకు. తట్టుకోలేరు' అంది. తర్వాత మామూలుగా, ఉసిరికాయలు వచ్చాయి, పచ్చడి పంపనా అని అడిగింది.

కోపం లేదని చెప్పాను గానీ ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. మొన్న డాక్టర్ దగ్గర ఫారంలో తండ్రి వైపు జబ్బులు అన్నచోట పెన్ను ఆగిపోయింది. పదేళ్ళుగా అక్కడ గుండెజబ్బు అని రాస్తున్నాను. 'తెలియదు' అని రాసి, కారులోకి వచ్చి ఏడ్చాను.

నెల్లూరు అబ్బాయికి జవాబిచ్చాను. అవును, మద్రాసే అని. వాళ్ళ నాన్నగారు పోయి నాలుగేళ్ళయిందట. 'మిమ్మల్ని అక్కా అనొచ్చా' అని అడిగాడు. ఇంకా చెప్పలేదు. అతని ఫొటోలో గడ్డానికి సొట్ట ఉంది.

ఇద్దరమ్మల_అబ్బాయి
నవంబర్ 9

తొందరేం లేదు. నేను ఆవిడని ఇప్పటికీ పిన్నీ అనే పిలుస్తున్నాను. ఆవిడా అదే కావాలంది.

మధ్యరాత్రి_మందారం
డిసెంబర్ 4

నిన్న నా పుట్టినరోజు. నాన్న వీడియో కాల్ చేశారు. ఎప్పటిలాగే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు, నాకు కనిపించేది చెవీ, కళ్ళజోడు కాడా. దీవించారు, అబ్బాయి లెక్కల మార్కులు అడిగారు. తర్వాత, 'కొలెస్ట్రాల్ చూపించుకున్నావా? అశ్రద్ధ చెయ్యకు. మన ఇంట్లో గుండెజబ్బుంది.'

ఇరవై నాలుగేళ్ళుగా ప్రతిసారీ అంటున్న మాటే. ఆయన మర్చిపోయి అంటున్నారో, గుర్తుండే అంటున్నారో తెలియదు.

'చూపించుకున్నాను నాన్నా, నార్మలే ఉంది' అన్నాను.

పిన్ని_పలుకులు
డిసెంబర్ 4

ఆ రిపోర్ట్ ఆయనకి వాట్సాప్‌లో పంపించు తల్లీ. లెక్కల మాస్టారు కదా, అంకెలు చూస్తే గానీ నమ్మరు.